కుచ్చిళ్ళ చాటు సంచి

నా పని తప్పులు పట్టడం. ఎవరో రాసిన ప్రోగ్రామును ముందేసుకుని, అది ఎక్కడ తడబడుతుందో వెతికి, కాగితం మీద పెట్టి వాళ్ళకే తిరిగి ఇవ్వడం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయో అని లోకమంతా బెంగ పెట్టుకున్న రోజుల్లో నాలాంటివాళ్ళకు సింగపూరులో మహా గిరాకీ ఉండేది. ఆఫీసులో నన్ను చూస్తే ప్రోగ్రామర్లు దూరం నుంచే దణ్ణం పెట్టేవారు, భక్తితో మాత్రం కాదు. అలాంటిదాన్ని, నా కాలికే కట్టిన ఒక ప్లాస్టిక్ సంచిలో ఇన్ని తప్పులుంటే ఆరు నెలలపాటు ఒక్కదాని గురించీ నోరు విప్పలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది అందుకే. నేను ఇప్పుడు బాగానే ఉన్నాను. నాలాగే సంచి కట్టుకుని, సిగ్గుతో ఇంట్లో మూల కూర్చున్న ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కంట పడాలని నా ఆశ.

ఫిబ్రవరి

మా ఫ్లాట్ సింగపూరు పడమటి కొసన బూన్ లేలో, పదో అంతస్తు. ఉతికిన బట్టలను వెదురు కర్రకు గుచ్చి, ఆ కర్రను వంటింటి కిటికీ బయటికి పెట్టి ఆరేస్తాం ఇక్కడ. ఒక ఆదివారం మా ఆయన జీన్స్ ప్యాంట్లు నాలుగు గుచ్చిన కర్ర ఎత్తబోయాను. నడుములో ఏదో కలుక్కుమంది. మర్నాటికి కాళ్ళు మొద్దుబారాయి. ఆ మర్నాడు పొద్దుటి నుంచి బాత్రూములో కూర్చున్నా ఒక్క చుక్క మూత్రం రాలేదు. పొట్ట బిగిసిపోయి, నిలబడలేక, కూర్చోలేక, గోడ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. మా ఆయన ప్రసాద్ ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

వెన్నులో జారినదేదో నరాన్ని నొక్కుతోందని ఆ రోజే ఆపరేషన్ చేశారు. అంతకంటే ముందు మూత్రానికి పైపు పెట్టారు. అందులోంచి మొదటిసారి మూత్రం బయటికి పోతున్నప్పుడు కలిగిన హాయి ఇప్పటికీ గుర్తుంది. దీన్ని కనిపెట్టినవాడు ఎవరో కానీ, పిల్లాపాపలతో చల్లగా ఉండాలని మనసారా దీవించాను. ఆ దీవెనను తర్వాత చాలాసార్లు వెనక్కి తీసుకున్నాను.

కాళ్ళు పది రోజుల్లో తేరుకున్నాయి. మూత్రాశయం మాత్రం తేరుకోలేదు. రెండుసార్లు పైపు తీసి, నీళ్ళు బాగా తాగించి చూశారు. రెండుసార్లూ వార్డులో గోడ గడియారం చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను. పక్క మంచం మీది చైనీస్ అవ్వకు నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. వచ్చిందా అన్నట్టు ఆవిడ గంటకోసారి చేత్తో అడిగేది, లేదని నేను తల ఊపేదాన్ని. చివరికి ఆవిడే తన కమలాపండు ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. "నరం నిద్రపోతోంది. కొన్ని నెలల్లో లేవచ్చు, లేవకపోనూ వచ్చు," అన్నాడు డాక్టరు. మళ్ళీ పైపు పెట్టి, దాని చివర ఒక సంచి తగిలించి, సంచిని కాలికి కట్టి ఇంటికి పంపేశారు.

మార్చి, ఏప్రిల్

ఆ సంచి గురించి చెప్పాలి. ఎవరో ఆరడుగుల మగమనిషిని నిలబెట్టి, కొలతలు తీసి చేసినట్టుంది అది. నేను అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. పిక్క దగ్గర ఉండాల్సింది నాకు చీలమండ దాకా దిగింది. మిగిలిన గొట్టం మెలికలు తిరిగి మోకాలి వెనక చుట్టుకునేది. కూర్చుంటే మడత పడి ఆగిపోయేది. కట్టడానికి ఇచ్చిన రబ్బరు పట్టీలు బిగిస్తే చర్మాన్ని కోసేవి, వదులు చేస్తే సంచి నిండేకొద్దీ కిందికి జారేవి. మా ఊరు కాకినాడ, ఉక్కపోత నాకేం కొత్త కాదు. కానీ ఈ ఊరి ఉక్కలో ఒంటికి అంటుకున్న ప్లాస్టిక్ ఊడదీస్తుంటే వచ్చే చప్పుడుకు నాకే ఒళ్ళు జలదరించేది. సంచి అడుగున ఒక చిన్న కుళాయి. దాన్ని తిప్పడానికి రెండు చేతులు కావాలి. మరి చీర కుచ్చిళ్ళు పట్టుకునేదెవరు?

దానికి లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ వాడారు. నడుస్తుంటే లోపల తొణికే చప్పుడు. ఎదుటివాళ్ళకు వినపడేది కాదని ఇప్పుడు తెలుసు, అప్పుడు మాత్రం లోకమంతా వింటోందనిపించేది. ప్యాంట్లు, చుడీదార్లు బీరువాలోకి పోయాయి. రోజూ చీరే. వీధిలో కనిపించిన తెలుగువాళ్ళు "ఏంటమ్మా, ఇంత సంప్రదాయం ఎప్పటినుంచి?" అని మెచ్చుకునేవారు. నేను నవ్వి తప్పుకునేదాన్ని.

మా అమ్మాయి శ్రుతికి ఆరేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, అదీ ఇక్కడివాళ్ళ పద్ధతిలో మాట చివర 'లా' తగిలించి జవాబిచ్చే రకం. నేను కాలు ఎడంగా వేసి నడవడం చూసి, "మమ్మీ, యూ వాక్ లైక్ పెంగ్విన్ లా!" అంది. నవ్వాను. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

ఈ పైపు సంగతి ఎవరికీ చెప్పొద్దని ప్రసాద్ చేత ఒట్టు వేయించుకున్నాను. ఫోనులో వాళ్ళమ్మకు కూడా చెప్పకూడదు. అందరికీ నడుం నొప్పి అని మాత్రమే తెలుసు.

మే

ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఇంటి నుంచి ఆఫీసుకు ట్రైనులో గంట. ఈలోపు సంచి నిండితే? కుచ్చిళ్ళ కింద ఉబ్బెత్తుగా కనిపిస్తే? దానికి నా బుర్రకు తట్టిన ఉపాయం ఒక్కటే, నీళ్ళు తాగడం మానేయడం. పొద్దున్న ఒక కాఫీ, మధ్యాహ్నం నాలుగు గుక్కలు. సంచి ఎప్పుడూ తేలిగ్గా ఉండేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంకెవరైనా ఇలాంటి పని చేస్తే నేను ఎర్ర సిరాతో రాసేదాన్ని.

మూడో వారంలో ఒళ్ళు కాలే జ్వరం వచ్చింది, పళ్ళు టకటకా కొట్టుకునే చలితో సహా. పైపు మూసుకుపోయింది. అత్యవసర విభాగం బయట కుర్చీలో ప్రసాద్ పక్కన కూర్చుని ఉండగా, ఆయన ముందు గోడనే చూస్తూ, "రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతున్నావు?" అని అడిగారు.

"తాగుతూనే ఉన్నానండీ."

"వాణీ, నన్ను చూసి చెప్పు."

చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూనే ఉండిపోయారు. "నీకు ఏమన్నా అయితే ఆ పిల్లకి నేను జడెలా వేయాలే?" అన్నారు చివరికి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను ఇంతగా ప్రేమిస్తున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

ఇది ఇంకోసారి వస్తే కిడ్నీల దాకా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. భయపడ్డాను. కానీ మనిషికి భయం కంటే సిగ్గు పెద్దది. నీళ్ళు తాగడం మొదలుపెట్టాను, బయటికి వెళ్ళడం మానేశాను. మళ్ళీ సెలవు పెట్టాను. గుడికి లేదు, మార్కెట్టుకు లేదు, శ్రుతి స్కూలు ఆటల పోటీలకూ లేదు. ఉద్యోగం మానేస్తానని ఉత్తరం కూడా రాసి సొరుగులో పెట్టుకున్నాను.

శ్రావణం

మా ఎదుటి బ్లాకులో రాజమ్మ ఆంటీ ఉంటారు. వాళ్ళ తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆంటీ పుట్టిందీ పెరిగిందీ సింగపూరులోనే. ఆవిడ తెలుగులో ఆ పాతకాలపు యాస అలాగే నిలిచిపోయింది, మధ్యమధ్య తమిళం, మలయ్ మాటలు దొర్లుతుంటాయి. ఏటా వరలక్ష్మీ వ్రతం చేసుకుని, చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళందరినీ పేరంటానికి పిలుస్తారు. ఆ ఏడు కుంకుమ భరిణె పట్టుకుని మా తలుపు కొట్టారు.

"సుక్రోరం సాయింత్రం వొచ్చీయాల," అని బొట్టు పెట్టి వెళ్ళిపోయారు.

బొట్టు పెట్టి పిలిచాక వెళ్ళకపోవడం ఎలా? ప్రసాద్ కూడా వెళ్ళమన్నారు. "చీర కట్టుకుంటావుగా, ఎవరికి కనిపిస్తుంది?" అన్నారు. పాపం మగవాళ్ళకు పేరంటం అంటే శనగలూ తాంబూలమే. వచ్చిన ముత్తయిదువల కాళ్ళకు పసుపు రాస్తారన్న సంగతి ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. గురువారమంతా దాని గురించే ఆలోచించాను. వెళ్ళగానే బొట్టు పెట్టించుకుని, పాప ఏడుస్తోందని చెప్పి వచ్చేద్దామనుకున్నాను.

వెళ్ళాను. అందరూ చాప మీద కూర్చున్నారు. నాకు నడుం నొప్పి కదా అని కుర్చీ వేశారు. ఎత్తు మీద కూర్చునేసరికి నా పాదాలు ఇంకా బాగా కనిపిస్తున్నాయి. లేవబోయేలోపే ఆంటీ పసుపు గిన్నెతో వచ్చి నా ముందు చతికిలబడ్డారు.

"నాకొద్దాంటీ, నడుం నొప్పి," అంటూ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాను.

"నడుం నొప్పికీ పాదాలికీ ఏటే సంబందం?" అని ఆవిడ నా ఎడమ కాలు పట్టుకుని ముందుకు లాగారు. తడి పసుపు చెయ్యి పాదం మీంచి చీలమండ వైపు జరిగింది. జరిగి, కుళాయి దగ్గర ఆగింది.

ఆవిడ తలెత్తి నా ముఖంలోకి ఒక్కసారి చూశారు. కాస్త పక్కకు జరిగి, మిగతా ఆడవాళ్ళకు నా కాళ్ళు కనపడకుండా తన వీపు అడ్డం పెట్టి, రెండు పాదాలకూ నెమ్మదిగా పసుపు రాసి, చీర అంచు కిందికి లాగి సర్దారు. తర్వాత అందరికీ వినపడేలా, "నీ తాంబూలం లోపలుండిపోనాది, రా," అని నా చెయ్యి పట్టుకుని పడకగదిలోకి తీసుకెళ్ళారు.

లోపల అప్పలస్వామి అంకుల్ నిక్కరు వేసుకుని, వాలుకుర్చీలో కూర్చుని, టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నారు. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయిన మనిషి. ఆయన తొడకు గులాబీపూల గుడ్డతో కుట్టిన ఒక సంచి కట్టి ఉంది. అందులోంచి సన్నటి గొట్టం నిక్కరులోకి పోతోంది.

"ఎవులే?" అన్నారు అంకుల్.

"నీ జట్టుదే వొచ్చింది," అన్నారు ఆంటీ.

ఆయన నా చీర అంచు వైపు చూసి, తొడ మీది పూల సంచిని తట్టి, "నాకెనిమిదేళ్ళు. నీకెన్నాళ్ళు?" అని అడిగారు. రైల్లో పక్కన కూర్చున్నవాడు ఏ ఊరు అని అడిగినట్టు అడిగారు.

"ఆరు నెలలంకుల్."

"నీళ్ళు తాగీసినావా?"

ఈ ఊళ్ళో కనిపించినవాళ్ళను తిన్నావా అని పలకరిస్తారు. అంకుల్ పలకరింపు మాత్రం ఇది. నేను తాగలేదు. పేరంటానికి వస్తున్నానని మధ్యాహ్నం నుంచి చుక్క ముట్టలేదు. ఏడుపొచ్చింది. ఆంటీ చెంబుతో నీళ్ళు తెచ్చి, నా పక్కన మంచం మీద కూర్చుని, పసుపు చేత్తోనే నా కన్నీళ్ళు తుడిచారు.

"ఎందుకే మలు?" అన్నారు. మలు అంటే ఇక్కడివాళ్ళ మాటలో సిగ్గు. "ఈయన ఇదేసుకునే మార్కెట్టుకెల్తాడు, కాఫీకెల్తాడు, పావుల్తో డాము ఆడతాడు. ఓడిపోతే ఎదటోళ్ళతో దెబ్బలాడతాడు. నీకేటి మలు?"

"నానెప్పుడూ ఓడిపోలేదు," అన్నారు అంకుల్ టీవీ వైపు చూస్తూ.

ఏడుస్తూనే నవ్వాను. ఆ చెంబు నీళ్ళు మొత్తం తాగేశాను.

మర్నాడు పొద్దున్నే ఆంటీ రెండు గుడ్డ సంచులతో వచ్చారు. తన పాత నేతచీర చింపి కుట్టినవి. ఒంటికి తగిలేవైపు మెత్తటి రెండు పొరలు, పైన గుండీ, వెడల్పాటి నాడాలు. తొడకు కట్టి చూపించారు. జారలేదు, కోసుకోలేదు. కానీ నా గొట్టం మరీ బారు, తొడ దగ్గర ఉండచుట్టుకుపోయింది, సంచిని మళ్ళీ చీలమండ దగ్గరికే దించాల్సి వచ్చింది.

"దీన్ని చేసినోడు చీర కట్టేవోళ్ళని చూసుండడు," అన్నారు ఆంటీ. "గొట్టం కోయించు."

"కోయొచ్చా?"

"ఆయనికి మిస్సీ కోసిస్తాది గదా!" ఆస్పత్రి నర్సును ఇక్కడ మిస్సీ అంటారు.

సెప్టెంబరు

సంచి మార్చే రోజు క్లినిక్కుకు వెళ్ళాను. నర్సు హమీదా నా చీలమండ దగ్గర పచ్చటి కుళాయిని చూసి కంగారుపడింది. పసుపు అని, మా వ్రతమని చెప్పేసరికి నవ్వి, తన పెళ్ళికి చేతులకు గోరింటాకు పెడితే అదీ నెల దాకా పోలేదంది. అప్పుడు నెమ్మదిగా అడిగాను, గొట్టం కోయొచ్చా అని.

"కెన్ లా! హౌ కమ్ యూ నెవర్ ఆస్క్?"

కత్తెర తీసింది. కొలిచింది. ఒక్క కోత. చేతెడు గొట్టం చెత్తబుట్టలో పడింది. ఆరు నెలలు నా మోకాలి వెనక చుట్టుకున్నది అదే. నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ పట్టే మనిషిని, నా కాలి దగ్గర ఇది బాగాలేదు అని ఒక్క ముక్క అనలేకపోయాను. అన్నీ భరించడమే రోగి పని అనుకున్నాను. ఆ గొట్టం అందరికీ సరిపోతుందనీ, సరిపోనిదల్లా నేనేననీ అనుకున్నాను. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఈ ఆలోచనే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆఫీసులో రాసే పద్ధతిలోనే రాశాను. ఎలా కూర్చుంటే గొట్టం మడత పడుతుంది, కుళాయి ఒంటిచేత్తో ఎందుకు తెరుచుకోదు, పట్టీ ఎంత నిండితే జారుతుంది, కింద కూర్చుని అన్నం తినే మనిషికి ఇది ఎలా పనికిరాదు. మొత్తం పదకొండు తప్పులు. ఏది ఎంత తీవ్రమో కూడా పక్కన రాశాను. ప్రసాద్ చదివి, "ఇన్నాళ్ళూ ఏమైంది ఈ వాణి?" అన్నారు.

హమీదా ఆ కాగితం చదువుతూ పగలబడి నవ్వింది. సంచులు సరఫరా చేసే కంపెనీ మనిషికి ఇస్తానని దాచుకుంది. వాళ్ళు ఏమైనా మార్చారో లేదో నాకు తెలియదు. కానీ చదివాక తలెత్తి, "అసలు సంచే లేకుండా ఉండే పద్ధతి నీకు పనికొస్తుందేమో, డాక్టరును అడుగుతాను," అంది. పైపు చివర వేలెడంత చిన్న బిరడా పెడతారు. మూత్రం లోపలే నిలుస్తుంది, మూడు గంటలకోసారి బాత్రూముకు వెళ్ళి తిప్పితే పోతుంది. ఇది అందరికీ కుదరదట. నాకు కుదురుతుందని డాక్టరు ఒప్పుకున్నాడు.

సొరుగులోని రాజీనామా ఉత్తరం చింపి ఆఫీసుకు వెళ్ళాను. పక్క సీటు మెయ్ లింగ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె "ఓ" అంది, అంతే. మర్నాడు వెళ్ళేసరికి ఆడవాళ్ళ బాత్రూముకు దగ్గరగా ఉన్న టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంది. హోటళ్ళలో సీటు ఆపుకోవడానికి ఇక్కడ అందరూ చేసే పని అది, చోప్ అంటారు. "చోప్ ఫర్ యూ," అంది మెయ్ లింగ్, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

డిసెంబరు

బిరడా పెట్టాక నా ఒంటికి మళ్ళీ లెక్క తెలిసినట్టుంది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత బరువు తెలిసింది. తర్వాత ఆత్రం తెలిసింది. ఇక వెళ్ళాలి అని నా ఒళ్ళే నాకు చెప్పిన రోజున, మీటింగు మధ్యలో నవ్వుతూ లేచి వెళ్ళిపోయాను. నెలాఖరుకు ముందు మూడోసారి పైపు తీసి చూశారు. ప్రసాద్ బయట వెయిటింగు రూములో శ్రుతిని పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నేను బాత్రూములో కూర్చుని, నీళ్ళ కుళాయి సన్నగా విప్పి, దాని చప్పుడు వింటూ ఉన్నాను.

వచ్చింది.

బయటికొచ్చి తల ఊపాను. ప్రసాద్ కళ్ళజోడు తీశారు. శ్రుతి నా నడకను కింది నుంచి పైదాకా పరిశీలించి, "నో మోర్ పెంగ్విన్," అని తేల్చేసింది.

రెండువేల సంవత్సరం వచ్చినా కంప్యూటర్లకు కూడా ఏమీ కాలేదు. ఆ సంగతి మీకు తెలిసిందే.

మళ్ళీ శ్రావణం

రాజమ్మ ఆంటీ ఈ ఏడూ బొట్టు పెట్టి పిలిచారు. చాప మీద, అందరితోపాటు కింద కూర్చున్నాను. ఆంటీ పసుపు గిన్నెతో నా ముందుకు వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే వెళ్ళి చీర అంచును చీలమండ మీదికి లాగి పట్టుకుంది. అక్కడ ఏమీ లేదు. అయినా పట్టుకుంది.

"చెయ్యి తియ్యే," అన్నారు ఆంటీ చిన్నగా. తీశాను.

తాంబూలం తీసుకుని లోపలికి వెళ్ళాను. అంకుల్ అదే వాలుకుర్చీలో ఉన్నారు. కొంచెం చిక్కారు. తొడ మీద ఈసారి నీలం గళ్ళ సంచి. నన్ను చూసి నవ్వి, "నీది పోనాదంట గదా. మంచిది, మంచిది," అన్నారు. కాసేపు టీవీ చూశారు. "ఇంక నాకు జట్టెవులే?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఆంటీ కుట్టిన గుడ్డ సంచి తీశాను. ఉతికి ఇస్త్రీ చేసి, అందులో ఇంటి తాళాలు, ట్రైన్ కార్డు పెట్టుకుంటున్నాను. రోజూ నాతోనే ఉంటుంది. అంకుల్ దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కుట్టు మీద వేలితో రాసి చూశారు. తిరిగి నా చేతిలో పెట్టారు.

"నీళ్ళు తాగీసినావా?" అన్నారు.

"లేదంకుల్, మీతో తాగుదామని వచ్చాను," అన్నాను.